ఇంటి మెయిన్ ఫ్యూజు పోయినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాన మొదలవుతుంది, మీటరు దగ్గర టప్‌మని చప్పుడు, ఇల్లంతా చీకటి. పక్కింట్లో మాత్రం టీవీ మోగుతూనే ఉంటుంది. ఇళ్లకు వైరింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి అలాంటప్పుడు నాకు ఫోన్లు వస్తాయి. దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఫ్యూజు ఎలా వేయాలి?" ఎందుకు పోయిందని అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో ముందు అడగాల్సింది అదే. అందుకే కింది జవాబుల్లో ఆ సంగతి పదేపదే వస్తుంది.

కరెంటే పోయిందా, మా ఫ్యూజు పోయిందా? ఎలా తెలుస్తుంది?

ముందు వీధిలోకి చూడండి. అందరికీ పోతే చేసేదేమీ లేదు, కూర్చోండి. మీకొక్కరికే పోతే డిజిటల్ మీటరు దగ్గరికి వెళ్లి చూడండి, ముట్టుకోవద్దు. మీటరు తెర మీద అంకెలు కనిపిస్తూ, ఎర్ర దీపం వెలుగుతూ ఉంటే కరెంటు మీటరు దాకా వస్తోందన్నమాట. తప్పు మీటరు తర్వాత, అంటే మీ ఫ్యూజులోనో, ఎంసీబీలోనో (లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్), ఇంటి వైరింగులోనో ఉంది. మీటరే చచ్చిపోయి ఉంటే తప్పు దానికి ముందు ఉండే అవకాశం ఎక్కువ. స్తంభం మీద ఫ్యూజు కావచ్చు, సర్వీసు వైరు కావచ్చు. అది మీ పని కాదు. 1912కి ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు.

ఇంట్లో సగం వెలిగి సగం వెలగకపోతే మెయిన్ పోలేదు. ఒక గదికో, ఒక ఫేజుకో సంబంధించిన ఫ్యూజు పోయి ఉంటుంది.

మెయిన్ ఫ్యూజు అంటే అసలు ఏది? మా గోడ మీద నాలుగు డబ్బాలున్నాయి.

కరెంటు వచ్చే దారిలో చూసుకుంటూ వెళ్తే గందరగోళం ఉండదు. స్తంభం నుంచి సర్వీసు వైరు వస్తుంది. కొన్ని ఇళ్లకు అది మీటరుకు చేరేలోపు ఒక కటౌట్ ఫ్యూజు ఉంటుంది. ఆ తర్వాత సీలు వేసిన మీటరు. మీటరు నుంచి బయటికి వచ్చిన వైర్లు తెల్లటి పింగాణీ ఫ్యూజులోకి వెళ్తాయి. అందరూ కిట్‌క్యాట్ అని పిలిచేది దాన్నే. అక్కడినుంచి మెయిన్ స్విచ్, తర్వాత గదులకు విడిపోయే ఫ్యూజులు లేదా ఎంసీబీల డబ్బా. పాత ఇళ్లలో పక్కన పిడి ఉన్న ఇనప డబ్బా మెయిన్ ఉంటుంది. దాని లోపలే ఫ్యూజు ఉంటుంది. 

మీటరు తర్వాత వచ్చే మొదటి ఫ్యూజే మీ ఇంటి మెయిన్ ఫ్యూజు. ఈ పేజీలో చెప్పేదంతా దాని గురించే.

మీటరుకు ముందున్న కటౌట్ నేను వేసుకోకూడదా? లైన్‌మన్ రావడానికి గంట పడుతుంది.

కూడదు. ఆ ఫ్యూజుకు ముందు మీరు ఆఫ్ చేయగల స్విచ్ ఏదీ లేదు. పొరపాటున అక్కడ షార్ట్ అయితే ఆపేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్న పెద్ద ఫ్యూజే. అది కాలేలోపు మంట మీ ముఖం మీదికి వస్తుంది. పైగా అది కరెంటు సంస్థ ఆస్తి. మీటరు సీలు కదిలిందంటే విద్యుత్ చట్టం, 2003 కింద దొంగతనం కేసు దాకా వెళ్లొచ్చు. గంట ఆగండి.

ఫ్యూజు పోయిందని చూసి చెప్పగలమా?

చెప్పగలం, ఎందుకు పోయిందో కూడా కొంతవరకు తెలుస్తుంది. కిట్‌క్యాట్ పైభాగాన్ని క్యారియర్ అంటారు. దాన్ని బయటికి లాగి వెలుతురులో పట్టుకుని చూడండి. ఎలా లాగాలో కింద చెప్పాను, అది చదవకుండా లాగొద్దు.

తీగ మధ్యలో సన్నగా తెగి, పింగాణీ శుభ్రంగా ఉంటే లోడ్ ఎక్కువైంది. గీజరు, ఏసీ, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి వేసి ఉంటారు. తీగ ఆనవాలు లేకుండా మాయమై, పింగాణీ మీద నల్లటి మసి, చిన్న చిన్న రాగి చుక్కలు అంటుకుని ఉంటే షార్ట్ సర్క్యూట్. అప్పుడు వెంటనే కొత్త తీగ వేసి పెట్టడం తెలివితక్కువ పని. మూడో రకం ఇంకోటుంది: తీగ మర (స్క్రూ) దగ్గర తెగి ఉంటుంది, ఆ మర చుట్టూ గోధుమ రంగు తిరిగి ఉంటుంది. అది లూజు కాంటాక్టు. మర సరిగ్గా బిగించకపోవడం వల్ల అక్కడ వేడి పుట్టి తీగ తెగింది. లోడ్‌తో సంబంధం లేదు. "ఊరికే పోతోందండీ, కారణమే లేదు" అనేవాళ్ల ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే.

సరే, మార్చాలి. ముందు ఏమేం చేయాలి?

ఇది తాపీగా చదవండి.

ఒంటి మీద, చేతుల మీద తడి ఉండకూడదు. నిలబడే చోటు తడిగా ఉంటే ఆ పని మానేయండి. పొడి చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడండి. గొలుసు, ఉంగరం, లోహపు గడియారం తీసేయండి. ఫోన్ లైటు పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి. ఫోన్ నోట కరుచుకుని పని చేయొద్దు. ఆ రెండో మనిషి వెలుతురు కోసమే కాదు, మీకేమైనా అయితే ఏం చేయాలో తెలిసి ఉండాలి.

తర్వాత ఇంట్లో పెద్ద సామాన్లన్నీ ఆఫ్ చేయండి: మోటారు, గీజరు, ఏసీ, ఫ్రిజ్. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆఫ్. లోడ్ ఉండగా ఫ్యూజు లాగితే నిప్పురవ్వ లేస్తుంది. లోడ్ లేకపోతే ఆ భయం చాలా తగ్గుతుంది.

ఇప్పుడు అసలైన మాట. మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాం కదా, ఫ్యూజులో కరెంటు లేదనుకుంటారు చాలామంది. మీ ఫ్యూజు మెయిన్ స్విచ్‌కు ముందు ఉంటే, గోడకు అంటి ఉన్న దాని కింది భాగంలో, అంటే బేసులో, మీటరు వైపు కాంటాక్టు ఎప్పుడూ లైవే, అంటే కరెంటు ఉన్నదే. క్యారియర్ లాగేసినా అది లైవే. అందుకే క్యారియర్‌ను పింగాణీ పట్టుకుని నేరుగా మీవైపు లాగాలి, వేళ్లు పక్కలకి జారకూడదు, ఖాళీ బేసులో వేలు గానీ స్క్రూడ్రైవర్ గానీ పెట్టకూడదు. తీగ వేసే పనంతా క్యారియర్‌ను దూరంగా, బల్ల మీద పెట్టుకుని చేయాలి.

బేసు గానీ క్యారియర్ గానీ పగిలినా, కాలిన వాసన వస్తున్నా, వైర్ల తొడుగు కరిగినా మీ పని అక్కడితో అయిపోయింది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తీగ ఎలా వేయాలి?

క్యారియర్ రెండు మరలూ వదులు చేసి పాత తీగ ముక్కలన్నీ తీసేయండి. మసి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. కొత్త ఫ్యూజు తీగను పింగాణీలో దానికోసం ఉన్న గాడిలోంచో రంధ్రంలోంచో పోనివ్వాలి, పైనుంచి అడ్డంగా లాక్కురాకూడదు. మర బిగించే దిక్కులోనే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపే, తీగను ఒక చుట్టు చుట్టండి. అలా చుడితే బిగించేకొద్దీ తీగ లోపలికి వస్తుంది, ఎదురు చుడితే బయటికి జారుతుంది. తీగను వీణ తీగలా బిగపట్టి లాగొద్దు, కాస్త వదులుండాలి. మర గట్టిగా ఉండాలి కానీ తీగ నలిగి సన్నబడేంత కాదు. మిగిలిన కొసలు కత్తిరించండి.

క్యారియర్ తిరిగి పెట్టేటప్పుడు మెయిన్ ఆఫ్‌లోనే ఉండాలి. ముఖం పక్కకి తిప్పి, ఒక్క చేత్తో, అనుమానం లేకుండా ఒక్కసారి లోపలికి నొక్కాలి. సగం దూర్చి ఆగితే అక్కడే రవ్వలు వస్తాయి. ఆ తర్వాత మెయిన్ ఆన్. ఆపైన సామాన్లు ఒక్కొక్కటిగా, మధ్యలో ఒక నిమిషం ఆగి వేయండి.

ఎన్ని ఆంపియర్ల తీగ వేయాలి?

ఇంట్లో వాడే సామాన్లను బట్టి వేస్తే పొరపాటు. ఆ ఫ్యూజు తర్వాత ఉన్న వైరు ఎంత మోయగలదో దాన్ని బట్టి వేయాలి. ఫ్యూజు కాపాడేది టీవీని కాదు, గోడలోని వైరును.

దుకాణంలో టిన్ పూత ఉన్న రాగి తీగ అడగండి. దాని మందం, మోసే కరెంటు స్థూలంగా ఇలా ఉంటాయి: 0.2 మిల్లీమీటర్ల తీగ 5 ఆంపియర్లకు, 0.35 అయితే 10కి, 0.5 అయితే 15కి, 0.6 అయితే 20కి, 0.85 అయితే 30కి. ఈ అంకెలకు ఒక మెలిక ఉంది. 15 ఆంపియర్ల తీగ 16 దగ్గర కాలిపోదు. ఇలాంటి తీగ ఫ్యూజు త్వరగా తెగాలంటే దాదాపు రెట్టింపు కరెంటు పారాలి. కాబట్టి వైరు 20 ఆంపియర్లు మోస్తుందని 20 ఆంపియర్ల తీగ వేయకూడదు, 15 వేయాలి. ఒక మెట్టు తక్కువే క్షేమం.

లెక్క కావాలంటే: మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి మరో 9, ఒకటిన్నర టన్నుల ఏసీ 7 లేదా 8. పొద్దున్నే మూడూ కలిస్తే పాతికకు పైనే. 15 ఆంపియర్ల ఫ్యూజు అలాంటి ఇంట్లో పోతూనే ఉంటుంది, పోవాలి కూడా. దానికి మందు మందపాటి తీగ కాదు. కరెంటు సంస్థ దగ్గర రాయించుకున్న కాంట్రాక్ట్ లోడ్ పెంచుకుని, గీజరుకూ ఏసీకీ వేరే వైరు లాగించుకోవడం.

వైరులోంచి ఒక పోగు తీసి వేస్తే సరిపోదా? అందరూ అలాగే చేస్తారు.

చేస్తారు, నిజమే. రాత్రి పదింటికి ఫ్యూజు తీగ ఎక్కడ దొరుకుతుంది? అయితే ఆ పోగు మందం ఎంతో మీకు తెలియదు. కొన్ని వైర్లలో పోగు 0.2 మిల్లీమీటర్లు, కొన్నింట్లో 0.3. ఒక పోగుతో ఆగరు కూడా, పోయిందని రెండు, మళ్లీ పోయిందని నాలుగు మెలేసి వేస్తారు. నాలుగు పోగులు మెలేస్తే ఎంత దగ్గర తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకింట్లో ఫ్యూజు తీగ చోట మేకు పెట్టి ఉండటం చూశాను. మూడేళ్లుగా ఫ్యూజు పోలేదని ఆ ఇంటాయన గొప్పగా చెప్పాడు. గోడలో వైరు మీద ప్లాస్టిక్ అప్పటికే పెళుసై రాలిపోతోంది.

కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోయింది. ఏం చేయాలి?

ఒక్కసారి మాత్రం ఈ పరీక్ష చేయండి. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆఫ్, ప్లగ్గులన్నీ పీకేసి, గదుల ఫ్యూజులు లేదా ఎంసీబీలు కూడా ఆఫ్ చేసి, సరైన తీగతో మెయిన్ వేయండి. నిలబడితే గదుల్ని ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. ఎక్కడ పోతే తప్పు అక్కడుంది. మనవైపు ఎక్కువగా దొరికే దొంగలు: బోరు మోటారు, పాత గీజరు కాయిల్, వాన నీళ్లు దూరిన బయటి బల్బు హోల్డరు, ఎలుక కొరికిన వైరు.

అన్నీ ఆఫ్‌లో ఉండగానే పోతే తప్పు మెయిన్ వైరింగులోనే ఉంది. రెండోసారి పోయాక మూడోసారి వేయొద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చి, వైర్ల తొడుగు బాగుందో లేదో కొలిచే మెగ్గరుతో చూడాలి.

టెస్టర్ వెలగలేదు. అంటే కరెంటు లేనట్టేగా?

నమ్మొద్దు. టెస్టర్‌లో దీపం పాడై ఉండొచ్చు, పగటి వెలుగులో కనబడకపోవచ్చు, మీరు ఎత్తైన పొడి స్టూలు మీద నిలబడితే మరీ మసకగా వెలగొచ్చు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి అది పని చేస్తోందో లేదో చూడండి, తర్వాత ఇక్కడ చూడండి, తర్వాత మళ్లీ ఆ తెలిసిన చోటే చూడండి. మూడుసార్లూ చూసినా ఖాళీ బేసులో వేలు పెట్టకూడదన్న మాట మారదు.

మా పాత ఇంట్లో రెండు కిట్‌క్యాట్లు ఉన్నాయి. ఒకటి న్యూట్రల్‌దని చెప్పారు. మంచిదేనా?

కాదు, ఈ పేజీలో నన్ను అన్నిటికంటే భయపెట్టే విషయం ఇదే. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. దాని ఫ్యూజు పోయిందనుకోండి. లైట్లు ఆరిపోతాయి, ఫ్యాన్లు ఆగిపోతాయి. ఇంట్లో కరెంటు లేదనుకుని మీరు హోల్డరులో చేయి పెడతారు. కానీ కరెంటు తెచ్చే ఫేజు ఇంటి నిండా అలాగే ఉంది. పారే దారి లేక ఆగి ఉంది, ఆ దారి మీ ఒళ్లు చూపిస్తుంది. న్యూట్రల్ చోట ఫ్యూజు తీగకు బదులు గట్టి రాగి లింకు ఉండాలి. అయితే ఆ మార్పు మీరు చేయొద్దు, ఫేజు ఏదో న్యూట్రల్ ఏదో పాత ఇళ్లలో తారుమారై ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌తో చూపించి చేయించండి.

మాది త్రీ ఫేజు. ఒక ఫేజు పోతే లోడ్ ఇంకో ఫేజు మీదికి మార్చుకోవచ్చా?

దానికోసం అమర్చిన చేంజోవర్ స్విచ్ ఉంటే మార్చుకోవచ్చు, ఏసీ, మోటారు ఆఫ్ చేసుకుని. స్విచ్ లేదని రెండు బేసుల మధ్య వైరు ముక్క కలిపితే మాత్రం, పోయిన ఫేజు తిరిగి వచ్చిన క్షణంలో రెండు ఫేజులు ఢీకొంటాయి. 400 వోల్టుల షార్ట్ అది.

ఫ్యూజు పోలేదు, కానీ లైట్లు మరీ ఎక్కువగా వెలుగుతున్నాయి, ఫ్యాను పిచ్చిగా తిరుగుతోంది.

వెంటనే మెయిన్ ఆఫ్ చేసి 1912కి ఫోన్ చేయండి. వీధి లైనులో న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అప్పుడు వోల్టేజి 300 దాటగలదు. ఫ్యూజు చూసేది కరెంటునే తప్ప వోల్టేజిని కాదు, కాబట్టి అది కదలదు, టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి.

ఫ్యూజు సరిగ్గా ఉంటే షాక్ కొట్టదు కదా?

కొడుతుంది. గుండె లయ తప్పించడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5000 మిల్లీ ఆంపియర్లు. మనిషి పోయినా ఫ్యూజు పోదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ అనే స్విచ్. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, అది పడిపోతుంది. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే మార్పించండి. దానికి తోడు ఇంటికి మంచి ఎర్త్ కూడా ఉండాలి.

ఇన్వర్టర్, సోలార్ ఉన్న ఇంట్లో?

మెయిన్ ఆఫ్ చేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆఫ్ చేయండి. పైకప్పు సోలార్ అయితే ఎండ ఉన్నంతసేపూ పలకల నుంచి దిగే వైర్లు లైవే. ఆ డబ్బా జోలికి వెళ్లొద్దు.

పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మేమే వేసుకుంటున్నాం. ఇంటిదాని లాంటిదేగా?

అస్సలు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు 11,000 వోల్టులు. దగ్గరికి వెళ్తే చాలు, ముట్టుకోకుండానే పట్టేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేస్తూ రైతు మృతి అన్న వార్త మన పేపర్లలో ఏ సీజన్లోనూ తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ లాగినా ఒక్కోసారి మూడు బ్లేడ్లలో ఒకటి విడిపోకుండా ఉండిపోతుంది, కింద నిలబడ్డ మనిషికి అది కనబడదు. పైరు ఎండుతుంటే పడే బాధ నాకు తెలుసు. అయినా లైన్‌మన్ లైన్ క్లియర్ తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించుకుని, వేయాల్సిన ఫ్యూజు అది.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే?

చేత్తో లాగొద్దు. మెయిన్ ఆఫ్ చేయండి. అది కుదరకపోతే పొడి చెక్కతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. డబ్బా అంటుకుంటే నీళ్లు పోయొద్దు, పొడి ఇసుక చల్లండి.

కిట్‌క్యాట్ తీసేసి ఎంసీబీ పెట్టించుకోవడం మంచిదా?

మంచిదే, నా మాట వినేవాళ్లందరికీ అదే చెబుతాను. తీగ ఫ్యూజులో ఎవరైనా ఏమైనా చుట్టొచ్చు. ఎంసీబీలో ఆ అవకాశం లేదు. పైగా రేటింగ్‌కు ఒకటిన్నర రెట్ల లోపే, గంటలోగా పడిపోతుంది. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, చిన్న గడిలో 10000 అన్న అంకె చూడండి. అది షార్ట్ అయినప్పుడు పేలకుండా ఆపగల కరెంటు. 1.5 ఎంఎం వైరున్న లైట్ల లైనుకు 10 ఆంపియర్లు, 2.5 ఎంఎం ఉన్న ప్లగ్గులకు 16 మామూలుగా పెడతారు. పాత వైరింగు అలాగే ఉంచి డబ్బా ఒక్కటే మార్చి, అది మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మేకు పెట్టినాయనకూ వీళ్లకూ పెద్ద తేడా ఏమీ లేదు.

ఇంట్లో ఏం ఉంచుకోవాలి?

రేటింగ్ రాసి ఉన్న అట్టకు చుట్టిన ఫ్యూజు తీగ, చెక్క లేదా ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, టార్చిలైటు. నేనైతే ఇంకోటి కూడా చెబుతాను: అదే సైజు క్యారియర్ ఒకటి కొని, పగటిపూట తాపీగా సరైన తీగ వేయించి, మీటరు డబ్బా పక్కన మేకుకు తగిలించండి. అర్ధరాత్రి పోయినప్పుడు పాతది లాగి ఇది పెట్టడమే. డబ్బా తలుపు లోపలివైపు ఏ ఫ్యూజు ఏ గదిదో, ఎన్ని ఆంపియర్లో మార్కరుతో రాసి పెట్టండి, ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికీ అర్థమయ్యేలా.